తర్వాతి నంబరు ఎంత? డేటాబేస్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో బిల్లుకో, టోకెన్‌కో, రసీదుకో వరుస తప్పకుండా తర్వాతి నంబరు వేయడం ఎలా అని అడిగారు. వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ముందుగా ఒక మనవి. ఫంక్షన్లు, టేబుళ్లు, ఫీల్డుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేశాం. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయండి. టేబుల్‌కు తెలుగు పేరు పెట్టినా యాక్సెస్ ఒప్పుకుంటుంది. కానీ కోడ్ రాసే విండోలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ఇక ఆ టేబుల్‌ను కోడ్‌లో పేరుతో పిలవడం కుదరదు.

ప్రశ్న: మా ఎరువుల దుకాణంలో బిల్ నంబరుకు ఆటోనంబర్ (యాక్సెస్ తానే వేసే నంబరు) పెట్టాం. 147 తర్వాత 149 వచ్చింది, 148 ఎక్కడా లేదు. బిల్లు ఎవరూ తీసేయలేదంటున్నారు. ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలి? (నంద్యాల)

ఎవరూ తీసేయలేదన్న మాట నిజమే అయ్యుంటుంది. కొత్త రికార్డులో మొదటి అక్షరం కొట్టగానే ఆటోనంబర్ ఒక నంబరు తీసేసుకుంటుంది. ఆ తర్వాత ఎస్కేప్ నొక్కి బయటికొచ్చినా, కరెంటు పోయినా ఆ నంబరు తిరిగి రాదు. కొనడానికి వచ్చినాయన ధర విని వెళ్లిపోయినప్పుడు సగం కొట్టిన బిల్లు వదిలేసి ఉంటారు. మీ 148 అక్కడే పోయింది.

ఒక రికార్డును ఇంకో రికార్డుతో కలవకుండా గుర్తుపట్టడమే ఆటోనంబర్ పని. అది వరుసగా ఉండాలన్న నియమమేమీ లేదు. దాని న్యూ వాల్యూస్ ప్రాపర్టీని రాండమ్‌కు మారిస్తే మైనస్ నంబర్లు కూడా ఇస్తుంది, అయినా డేటాబేస్ హాయిగా నడుస్తుంది. మనుషులు చూసే, కాగితం మీద అచ్చయ్యే నంబరును దానికి అప్పగించకూడదు.

అలాగని ఆటోనంబర్‌ను తీసేయకండి. దాన్ని ఐడీ అన్న పేరుతో ప్రైమరీ కీగా (ప్రతి రికార్డును గుర్తుపట్టే ఫీల్డుగా) లోపలే ఉండనివ్వండి. బిల్స్ టేబుల్‌లో బిల్‌నెం అని ఇంకో ఫీల్డు చేర్చండి. రకం నంబర్, సైజు లాంగ్ ఇంటిజర్. ఇండెక్స్‌డ్ ప్రాపర్టీలో డూప్లికేట్లు వద్దు అన్నది ఎంచుకోండి. డిఫాల్ట్ వాల్యూలో యాక్సెస్ తనంతట తాను 0 పెడితే చెరిపేయండి. పాత బిల్లులకు ఒక అప్‌డేట్ క్వెరీతో (రికార్డులను ఒకేసారి మార్చే ఆదేశంతో) ఐడీ విలువనే బిల్‌నెంలోకి ఎక్కించండి. ఖాళీలు కనిపిస్తున్నాయని పాత నంబర్లు సర్దొద్దు. కొన్నవాళ్ల చేతిలో ఉన్న కాగితంతో మీ రికార్డు కలవాలి కదా.

ఇప్పుడు ఫారం డిజైన్ వ్యూలో తెరిచి, ప్రాపర్టీ షీట్‌లోని ఈవెంట్ ట్యాబ్‌లో బిఫోర్ అప్‌డేట్ దగ్గర కోడ్ విండో తెరిచి ఈ మూడు వరుసలు రాయండి:

ఇఫ్ న్యూరికార్డ్ దెన్
బిల్‌నెం = ఎన్‌జెడ్(డీమ్యాక్స్("బిల్‌నెం", "బిల్స్"), 0) + 1
ఎండ్ ఇఫ్

డీమ్యాక్స్ ఇప్పటిదాకా ఉన్న అతి పెద్ద నంబరు తెస్తుంది. టేబుల్ ఖాళీగా ఉంటే అది తెచ్చేది సున్నా కాదు, నల్ (ఏ విలువా లేకపోవడం). నల్‌కు ఒకటి కలిపినా నల్లే. అందుకే ఎన్‌జెడ్ దాన్ని సున్నా చేస్తుంది. ఇది మర్చిపోతే మొట్టమొదటి బిల్లుకే నంబరు రాదు. న్యూరికార్డ్ షరతు లేకపోతే పాత బిల్లులో ఫోన్ నంబరు దిద్దినా కొత్త బిల్ నంబరు పడిపోతుంది.

బిఫోర్ ఇన్సర్ట్ అనే ఈవెంట్ కూడా ఉంది. దాంట్లో రాయకండి. మొదటి అక్షరం కొట్టగానే అది నడుస్తుంది. ఆ నంబరును చేతిలో పట్టుకుని మీరు అయిదు నిమిషాలు బిల్లు కొడుతుంటే, ఈలోగా పక్క కంప్యూటర్ కూడా అదే నంబరు తీసుకుంటుంది. బిఫోర్ అప్‌డేట్ సేవ్ అయ్యే ముందు క్షణంలో నడుస్తుంది. కస్టమర్ పేరు ఖాళీగా ఉందా, మొత్తం సున్నానా వంటి తనిఖీలు ఉంటే వాటిని ఈ మూడు వరుసల కంటే పైన పెట్టండి.

చాలామంది ఇదే సూత్రాన్ని కంట్రోల్ డిఫాల్ట్ వాల్యూలో పెడతారు. నంబరు ముందే కనిపిస్తుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. కానీ వరుసగా రికార్డులు చూపే కంటిన్యువస్ ఫారంలో, పై వరుస ఇంకా సేవ్ కాకముందే కింద కొత్త ఖాళీ వరుస పుడుతుంది. దానికీ అదే నంబరు పడుతుంది.

ప్రింట్ బటన్ విషయం కూడా చూసుకోండి. సేవ్ కాని రికార్డును రిపోర్టు చూడలేదు. కాబట్టి రిపోర్టు తెరిచే వరుసకు ముందు ఇఫ్ డర్టీ దెన్ డర్టీ = ఫాల్స్ అని చేర్చండి. డర్టీ అంటే ఇంకా సేవ్ కాని మార్పులున్నాయని; దాన్ని ఫాల్స్ చేస్తే సేవ్ అవుతుంది. లేకపోతే బిల్ నంబరు లేని కాగితం వస్తుంది, లేదా అసలు ఖాళీ కాగితమే వస్తుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టు బిఫోర్ అప్‌డేట్‌లోనే రాశాను. అయినా సగంలో వదిలేసిన బిల్లులకు నంబర్లు పడుతున్నాయి. బిల్లులో సరుకుల కోసం సబ్‌ఫారం (ఫారం లోపల ఇంకో ఫారం) ఉంది. (తాడేపల్లిగూడెం)

కారణం ఆ సబ్‌ఫారమే. పై ఫారంలో కస్టమర్ పేరు కొట్టి, కర్సర్ సబ్‌ఫారంలో పెట్టిన మరుక్షణం యాక్సెస్ పై రికార్డును సేవ్ చేసేస్తుంది. కింది సరుకులను దేనికి కట్టాలో తెలియాలంటే పైది ముందు టేబుల్‌లో ఉండాలి. అంటే ఒక్క సరుకు కూడా కొట్టకముందే బిఫోర్ అప్‌డేట్ నడిచి నంబరు ఖర్చయిపోతోంది.

ఇలాంటి బిల్లులో నంబరు ఇచ్చే పని ఒక బటన్‌కు అప్పగించాలి. బిల్లును, సరుకులను కలిపేది లోపలి ఐడీ. బిల్‌నెం అప్పటిదాకా ఖాళీగా ఉంటుంది. డూప్లికేట్లు వద్దన్న ఇండెక్స్ ఉన్నా, ఎన్ని రికార్డుల్లో ఆ ఫీల్డు ఖాళీగా ఉన్నా యాక్సెస్ అభ్యంతరం చెప్పదు. రిక్వైర్డ్ ప్రాపర్టీ మాత్రం నో అని ఉండాలి. సరుకులన్నీ కొట్టాక "బిల్లు ఖరారు" బటన్ నొక్కితే, కనీసం ఒక సరుకు ఉందో లేదో రికార్డులు లెక్కపెట్టే డీకౌంట్‌తో చూసి, అప్పుడు నంబరు వేసి, సేవ్ చేసి, ప్రింటు తీయాలి. నంబరు పడ్డాక ఫారం అలో డిలీషన్స్ నో చేయండి. నంబరు లేని సగం బిల్లులను రోజు చివర ఒక డిలీట్ క్వెరీతో ఊడ్చేయొచ్చు. అవి బిల్లులు కావు, చిత్తు కాగితాలు.

ప్రశ్న: రెండు కౌంటర్లు, రెండు కంప్యూటర్లు. రద్దీ వేళ రెండింటికీ ఒకే నంబరు వస్తోంది. (ఒంగోలు)

ముందు, ఇండెక్స్‌లో డూప్లికేట్లు వద్దు అని పెట్టారా? ఒకే నంబరుతో రెండు బిల్లులు సేవ్ అవుతున్నాయంటే పెట్టలేదన్నమాట. కోడ్ ఎంత బాగా రాసినా ఆఖరి కాపలా ఇండెక్సే. అది ఉంటే రెండో బిల్లు సేవ్ కాకుండా 3022 అనే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చిందని భయపడక్కర్లేదు. తప్పు బిల్లు బయటికి పోకుండా ఆగింది.

డీమ్యాక్స్ పెద్ద నంబరు చదవడానికి, రికార్డు సేవ్ కావడానికి మధ్య చిన్న వ్యవధి ఉంటుంది. రెండో కంప్యూటర్ ఆ వ్యవధిలోనే చదివితే దానికీ అదే జవాబు వస్తుంది. పైగా యాక్సెస్ ఇంజిన్ చదివిన పేజీలను కొద్దిసేపు తన దగ్గరే దాచుకుంటుంది. అందువల్ల పక్క కంప్యూటర్‌లో ఇప్పుడే సేవ్ అయిన బిల్లు ఇక్కడికి వెంటనే కనిపించకపోవచ్చు. డీమ్యాక్స్‌కు ముందు డీబీఇంజిన్.ఐడిల్ డీబీరిఫ్రెష్‌క్యాష్ అన్న వరుస పెడితే తాజాగా చదువుతుంది.

రోజుకు వంద, రెండొందల బిల్లులైతే పైన చెప్పిన డీమ్యాక్స్ పద్ధతే సరిపోతుంది. ఫారం ఎర్రర్ ఈవెంట్‌లో డేటాఎర్ర్ విలువ 3022 అయితే, యాక్సెస్ ఇచ్చే గజిబిజి సందేశాన్ని ఆపి "మళ్లీ సేవ్ నొక్కండి" అని ఇంగ్లీషు అక్షరాల్లో చూపించండి. రెండోసారి నొక్కినప్పుడు బిఫోర్ అప్‌డేట్ మళ్లీ నడిచి, తర్వాతి నంబరు తెచ్చుకుంటుంది.

అంతకు మించి గట్టిగా కావాలంటే కౌంటర్ టేబుల్ పెట్టుకోండి. అందులో రెండే ఫీల్డులు: సిరీస్ అనే టెక్స్ట్ ఫీల్డు ప్రైమరీ కీ, లాస్ట్‌నెం అనే లాంగ్ ఇంటిజర్. ఖరారు బటన్ చేయాల్సిన పని ఈ వరుసలో ఉంటుంది:

1. ఫారంలో ఉన్నది సేవ్ చేయాలి (డర్టీ = ఫాల్స్).
2. వర్క్‌స్పేసెస్(0) మీద బిగిన్‌ట్రాన్స్ (ఇక్కడినుంచి చేసేవన్నీ ఒకే మూట).
3. అప్‌డేట్ కౌంటర్ సెట్ లాస్ట్‌నెం = లాస్ట్‌నెం + 1 వేర్ సిరీస్ = 'బిల్' అన్న క్వెరీని డీబీఫెయిల్‌ఆన్‌ఎర్రర్‌తో (తప్పు వస్తే ఆగేలా) నడపాలి.
4. లాస్ట్‌నెం చదవాలి.
5. ఆ విలువను ఇంకో అప్‌డేట్ క్వెరీతో, ఐడీ ఆధారంగా, బిల్స్ టేబుల్‌లో రాయాలి.
6. కమిట్‌ట్రాన్స్ (మూట ఖాయం చేయడం). ఆపైన ఫారం రిఫ్రెష్.

ముందు పెంచి, తర్వాత చదవడంలోనే ఉంది కిటుకంతా. పెంచిన క్షణం నుంచి కమిట్ అయ్యేదాకా ఆ వరుస తాళంలో ఉంటుంది, రెండో కంప్యూటర్ దాన్ని ముట్టుకోలేదు. ముందు చదివి తర్వాత పెంచితే మళ్లీ పాత కథే. తాళం పడి ఉన్నప్పుడు రెండో కంప్యూటర్‌కు 3218 లేదా 3260 ఎర్రర్ రావచ్చు. అప్పుడు రోల్‌బ్యాక్ చేసి (ఆ మూటంతా వెనక్కి తీసుకుని), అర సెకను ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. అయిదుసార్లు చూసి, అప్పటికీ కాకపోతేనే వాడేవాళ్లకు చెప్పండి. మధ్యలో ఏది చెడినా రోల్‌బ్యాక్ వల్ల కౌంటర్ కూడా వెనక్కి వస్తుంది కాబట్టి ఖాళీ పడదు.

మూడో అంచెలో మోసపోయే చోటొకటి ఉంది. కౌంటర్ టేబుల్‌లో 'బిల్' అన్న వరుసే లేకపోతే అప్‌డేట్ క్వెరీ ఎర్రర్ ఇవ్వదు. సున్నా రికార్డులు మార్చి, పని అయిపోయినట్టే ఊరుకుంటుంది. అందుకే ఆ వెంటనే రికార్డ్స్‌అఫెక్టెడ్ విలువ 1 అవునా కాదా చూడాలి.

ఇంకొక మాట. టేబుళ్లున్న ఫైలు ఒక కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉండాలి. ఫారాలున్న ఫైలు మాత్రం ప్రతి కంప్యూటర్‌లో విడిగా ఉండాలి. టేబుళ్ల ఫైలును వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటి సింక్ ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల తెరిస్తే పైన చెప్పిన ఏ తాళమూ పనిచేయదు. ఎవరి కాపీలో వాళ్లు 501 వేసుకుంటారు.

ప్రశ్న: బి-1, బి-2 అని నంబర్లు. బి-10 దాకా బాగా వచ్చాయి. తర్వాత ఎన్నిసార్లు చేసినా బి-10 దగ్గరే ఆగుతోంది. (కరీంనగర్)

మీ ఫీల్డు టెక్స్ట్. టెక్స్ట్‌లో పెద్దా చిన్నా తేల్చేది నిఘంటువు పద్ధతిలో, ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చి. 9 ముందు 1 చిన్నది కాబట్టి బి-10 కంటే బి-9 పెద్దది. డీమ్యాక్స్ ఎప్పుడడిగినా బి-9 అనే చెబుతుంది, మీరు ఒకటి కలిపి బి-10 చేస్తారు. బి-0009 అని సున్నాలు పెడితే ఈ ఇబ్బంది 9999 దాకా వాయిదా పడుతుందంతే.

సీరియల్ అని ఒక నంబర్ ఫీల్డు చేర్చి, అప్‌డేట్ క్వెరీలో వాల్(మిడ్([బిల్‌నెం], 3)) అని నడిపితే మూడో అక్షరం నుంచి ఉన్న అంకెలు అందులోకి వస్తాయి. ఇక లెక్కంతా సీరియల్ మీదే. ముందున్న అక్షరం, గీత, సున్నాలు చూపించేటప్పుడు మాత్రమే అతికించుకోండి: "బి-" & ఫార్మాట్([సీరియల్], "0000").

ప్రశ్న: ఏప్రిల్ 1న నంబరు మళ్లీ 1 నుంచి మొదలవ్వాలి. బిల్లు మీద ఆర్థిక సంవత్సరం కూడా కనిపించాలి. (హైదరాబాద్)

బిల్స్ టేబుల్‌లో రెండు నంబర్ ఫీల్డులు ఉంచండి: ఫిన్‌ఇయర్, సీరియల్. ఇండెక్సెస్ విండోలో ఈ రెంటినీ కలిపి ఒకే ఇండెక్స్ చేసి యూనీక్ యెస్ పెట్టండి. సీరియల్ ఒక్కదానికే యూనీక్ పెడితే వచ్చే ఏప్రిల్‌లో మొదటి బిల్లే ఆగిపోతుంది.

ఆర్థిక సంవత్సరం కనుక్కోవడానికి ఇఫ్‌లు పేర్చక్కర్లేదు. తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి సంవత్సరం తీయండి:

ఫిన్‌ఇయర్ = ఇయర్(డేట్‌యాడ్("ఎం", -3, బిల్‌డేట్))

2025 ఏప్రిల్ 1 మూడు నెలలు వెనక్కి వెళ్తే 2025 జనవరి 1, అంటే 2025. అదే 2025 మార్చి 31 అయితే 2024 డిసెంబరు 31, అంటే 2024. తర్వాత సీరియల్:

సీరియల్ = ఎన్‌జెడ్(డీమ్యాక్స్("సీరియల్", "బిల్స్", "ఫిన్‌ఇయర్=" & ఫిన్‌ఇయర్), 0) + 1

కొత్త సంవత్సరంలో మొదటి బిల్లుకు డీమ్యాక్స్ నల్ తెస్తుంది, ఎన్‌జెడ్ దాన్ని సున్నా చేస్తుంది, నంబరు 1 పడుతుంది. మార్చి 31 అర్ధరాత్రి కూర్చుని ఎవరూ ఏమీ మార్చనక్కర్లేదు. కౌంటర్ టేబుల్ వాడేవాళ్లు మాత్రం సిరీస్ పేరులో సంవత్సరం చేర్చి, ఆ వరుస లేకపోతే 0తో సృష్టించే అంచె ముందు పెట్టుకోవాలి.

ఇక్కడ ఈరోజు తేదీ కాకుండా బిల్లు తేదీ వాడామని గమనించండి. ఏప్రిల్ 3న కూర్చుని మార్చి 31 తేదీతో బిల్లు కొడితే అది పాత వరుసలోనే చేరాలి. నంబరు పడ్డాక తేదీ ఫీల్డుకు లాక్‌డ్ యెస్ పెట్టండి. లేకపోతే ఎవరో తేదీ దిద్ది బిల్లును ఒక సంవత్సరం నుంచి ఇంకో సంవత్సరానికి దూకిస్తారు, నంబరు మాత్రం పాతదే ఉంటుంది.

ఇక అచ్చయ్యే రూపం. జీఎస్టీ నిబంధనల్లో 46వ నిబంధన ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలకు మించకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప మరేవీ పనికిరావు. ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవచ్చు కాబట్టి రెండు బ్రాంచీలుంటే రెండు వరుసలు నడిపినా తప్పులేదు.

ఈ 16 దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. ఊరికి మూడక్షరాల కోడ్, ఏటవాలు గీత, 2025-26, ఏటవాలు గీత, 00001 అని పేర్చి చూడండి: 3, 1, 7, 1, 5 కలిపితే 17. ఒక్క అక్షరం ఎక్కువ. సంవత్సరాన్ని 25-26గా కుదిస్తే 15 అవుతుంది. సీరియల్ మొదటి రోజున ఎంత పొట్టిగా ఉందన్నది లెక్క కాదు, మార్చి చివరికి ఎన్ని అంకెలవుతుందో చూసి పేర్చుకోండి.

ప్రశ్న: ఒక బిల్లు రద్దయింది. ఆ నంబరు తర్వాతి బిల్లుకు వాడుకోవచ్చా? (అదే పాఠకుడు)

వద్దు. బిల్లును టేబుల్‌లోంచి తీసేయొద్దు కూడా. స్టేటస్ అనే ఫీల్డు పెట్టి అందులో రద్దు అని గుర్తు వేసి, మొత్తాల క్వెరీల్లోంచి వదిలేయండి. జీఎస్టీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక అడిగేది ఇదే: ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పత్రాలు జారీ చేశారు, మొత్తం ఎన్ని, రద్దయినవి ఎన్ని, నికరంగా ఎన్ని. రద్దయినవి టేబుల్‌లో ఉంటేనే ఆ అంకెలు ఒక క్వెరీతో వస్తాయి.

చివరి బిల్లునే తీసేస్తే ఇంకో ప్రమాదం ఉంది. డీమ్యాక్స్‌కు అది ఉన్న సంగతే తెలియదు కనుక అదే నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మొదటి కాగితం అప్పటికే ఎవరి చేతిలోనో ఉంటుంది.

ఇప్పటికే పోయిన నంబర్లు ఏవో చూడాలంటే బిల్స్ టేబుల్‌ను క్వెరీలో రెండుసార్లు తెచ్చి, మొదటి దాని సీరియల్ + 1ను రెండో దాని సీరియల్‌తో లెఫ్ట్ జాయిన్ చేయండి (రెండో దానిలో జత లేకపోయినా మొదటి దాని వరుసలన్నీ వస్తాయి). ఈ జాయిన్‌ను డిజైన్ వ్యూ గీయలేదు, ఎస్‌క్యూఎల్ వ్యూలో రాయాలి. రెండు వైపులా ఒకే ఫిన్‌ఇయర్ ఉండాలని కూడా జాయిన్‌లో చేర్చండి. రెండో వైపు నల్ వచ్చిన ప్రతి చోటా ఒక ఖాళీ మొదలవుతోందని అర్థం. ప్రతి సంవత్సరపు చివరి నంబరు కూడా జాబితాలో కనిపిస్తుంది, దాన్ని వదిలేయండి.

ప్రశ్న: క్లినిక్‌లో రోజూ ఓపీ టోకెన్ 1 నుంచి మొదలవ్వాలి. మాకు అందరికీ 1 పడుతోంది. కొన్ని రోజులు మాత్రం ఎప్పటిదో పాత రోజు వరుస కొనసాగుతోంది. (రాజమహేంద్రవరం)

మీకు రెండు తప్పులు కలిసి వచ్చినట్టున్నాయి. అందరికీ 1 పడటానికి కారణం తేదీ ఫీల్డు డిఫాల్ట్ వాల్యూలో నౌ() ఉండటం. అది తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా దాస్తుంది. ఉదయం 9:40కి వచ్చిన రోగి రికార్డు "ఈరోజు" అన్న తేదీతో సమానం కాదు, కాబట్టి డీమ్యాక్స్‌కు ఎవరూ దొరకరు. డేట్() పెట్టండి, సమయం కావాలంటే వేరే ఫీల్డులో ఉంచండి. పాత రికార్డుల్లోని సమయం తీసేయడానికి అప్‌డేట్ క్వెరీలో డేట్‌వాల్యూ వాడండి.

రెండోది తేదీ రాసే వరుస. షరతులో హ్యాష్ గుర్తుల మధ్య తేదీ పెట్టినప్పుడు యాక్సెస్ దాన్ని అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత చదువుతుంది. మన విండోస్‌లో తేదీ 05-04-2025 అంటే ఏప్రిల్ 5, షరతులోకి వెళ్లాక అది మే 4. 25-04-2025 అయితే 25వ నెల లేదు కాబట్టి దిద్దుకుని సరిగ్గానే చదువుతుంది. అందుకే తప్పు నెలలో మొదటి 12 రోజుల్లోనే బయటపడుతుంది. నెలాఖరున పరీక్షించి "బాగుంది" అనుకుని వదిలేసిన ప్రోగ్రాములు ఒకటో తారీఖున మొరాయించేది ఇందుకే.

మీ అవసరానికి తేదీని అతికించే పనే పెట్టుకోకండి. డేట్() ఫంక్షన్‌ను కొటేషన్ గుర్తుల లోపలే ఉంచితే ఇంజిన్ తానే లెక్క కడుతుంది:

టోకెన్ = ఎన్‌జెడ్(డీమ్యాక్స్("టోకెన్", "ఓపీ", "విజిట్‌డేట్=డేట్()"), 0) + 1

ఇద్దరు డాక్టర్లకు వేర్వేరు వరుసలు కావాలంటే షరతులో అండ్ పెట్టి డాక్టర్ ఐడీ చేర్చండి. యూనీక్ ఇండెక్స్ మూడు ఫీల్డుల మీద ఉండాలి: తేదీ, డాక్టర్, టోకెన్.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాం 32,767వ రసీదు దగ్గర ఓవర్‌ఫ్లో అని ఆగిపోయింది. (మహబూబ్‌నగర్)

కోడ్‌లో ఎక్కడో నంబరును యాజ్ ఇంటిజర్ అని ప్రకటించారు. యాక్సెస్ కోడ్‌లో ఇంటిజర్ 16 బిట్లది, 32,767 దాటదు. యాజ్ లాంగ్ చేయండి. సీఇంట్ ఉంటే సీఎల్ఎన్‌జీ చేయండి. అప్పుడు 214 కోట్లు దాటేదాకా ఇబ్బంది లేదు. టేబుల్‌లో కూడా ఫీల్డు సైజు చూడండి. అక్కడ ఇంటిజర్ ఉంటే లాంగ్ ఇంటిజర్ చేయాలి. ఆ ఫీల్డు రిలేషన్‌షిప్‌లో ఉంటే ముందు ఆ గీత తీసి, రెండు టేబుళ్లలోనూ మార్చి, మళ్లీ గీయాలి. ఫైలు కాపీ తీసుకున్నాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: పాత డేటాను అపెండ్ క్వెరీతో ఎక్కించాం. అప్పటినుంచి కొత్త రికార్డు వేస్తే ఆటోనంబర్ డూప్లికేట్ అంటోంది. (విజయనగరం)

ఆటోనంబర్ ఫీల్డులోకి కూడా మీరు పాత నంబర్లు నేరుగా ఎక్కించి ఉంటారు. అలా ఎక్కించినప్పుడు చివరగా వెళ్లిన విలువ చిన్నదైతే, లోపలి లెక్క ఆ చిన్న నంబరు పక్కకు జరిగిపోతుంది. అక్కడ అప్పటికే రికార్డులున్నాయి కాబట్టి 3022 ఎర్రర్. ముందు కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపండి. తగ్గకపోతే టేబుళ్లున్న ఫైలునే తెరిచి, ఆ టేబుల్ మూసి ఉంచి, ఇమీడియట్ విండోలో (ఒక్కో ఆదేశాన్ని అక్కడికక్కడే నడిపే చోట) కరెంట్‌ప్రాజెక్ట్.కనెక్షన్.ఎగ్జిక్యూట్‌కు ఈ వాక్యం ఇవ్వండి: ఆల్టర్ టేబుల్ మెంబర్స్ ఆల్టర్ కాలమ్ ఐడీ కౌంటర్(5001, 1). 5001 స్థానంలో మీ టేబుల్‌లోని అతి పెద్ద ఐడీకి ఒకటి కలిపిన సంఖ్య రాయాలి. లింక్ చేసిన టేబుల్ మీద ఇది పనిచేయదు.

ప్రశ్న: రిపోర్టులో ప్రతి వరుసకూ 1, 2, 3 అని పడితే చాలు, దాచక్కర్లేదు. (సిద్దిపేట)

దీనికి కోడ్ అక్కర్లేదు. రిపోర్టు డీటెయిల్ భాగంలో ఒక టెక్స్ట్ బాక్సు పెట్టి కంట్రోల్ సోర్స్‌లో =1 అని, రన్నింగ్ సమ్ ప్రాపర్టీలో ఓవర్ ఆల్ అని ఇవ్వండి. మండలం మారినప్పుడల్లా మళ్లీ 1 నుంచి కావాలంటే మండలం మీద గ్రూపు చేసి ఓవర్ గ్రూప్ ఇవ్వండి. క్వెరీలో డీకౌంట్‌తో కూడా తేవచ్చు కానీ అయిదు వేల వరుసలుంటే అయిదు వేలసార్లు టేబుల్‌ను లెక్కపెడుతుంది, ఆలోగా మీరు టీ తాగి రావచ్చు.

ప్రశ్న: కాలేజీ లైబ్రరీకి లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం వాడుతున్నాం. అందులో ఆటోనంబర్ లాంటి ఆటోవాల్యూ 0 నుంచి మొదలైంది. యాక్సెషన్ నంబరు (ఒక్కో పుస్తకానికి లైబ్రరీ వేసే నంబరు) 12,401 నుంచి కావాలి. (కావలి)

బేస్ కిటికీ కింది పట్టీలో హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఎంబెడెడ్ అని ఉంటే, దాని పద్ధతి ప్రకారం లెక్క 0 నుంచే మొదలవుతుంది. టూల్స్ మెనూలో ఎస్‌క్యూఎల్ తెరిచి ఆల్టర్ టేబుల్ "బుక్స్" ఆల్టర్ కాలమ్ "ఐడీ" రీస్టార్ట్ విత్ 12401 అని నడపండి. పేర్లకు డబుల్ కొటేషన్లు తప్పనిసరి. అవి లేకపోతే పేరంతా పెద్ద అక్షరాలుగా తీసుకుని, అలాంటి టేబుల్ లేదంటుంది. ఆ తర్వాత ఒక పుస్తకం ప్రయోగానికి వేసి చూడండి.

అయితే యాక్సెషన్ నంబరు పుస్తకం మీద ముద్ర వేసి ఉండేది. పుస్తకం చిరిగి రద్దయినా రిజిస్టర్‌లో ఆ నంబరు అలాగే ఉంటుంది. దాన్ని ఆటోవాల్యూకు వదలకుండా వేరే ఇంటిజర్ ఫీల్డులో, యూనీక్ ఇండెక్స్‌తో పెట్టుకోండి. తర్వాతి నంబరు ఎంతో చూడటానికి సెలెక్ట్ మ్యాక్స్("యాక్‌నెం") + 1 ఫ్రమ్ "బుక్స్" అన్న క్వెరీ ఒకటి సేవ్ చేసుకుంటే, కట్ట విప్పిన ప్రతిసారీ ఎక్కడినుంచి ముద్ర మొదలుపెట్టాలో తెలుస్తుంది.